కరెంటు పొయ్యిలో బర్నర్ స్విచ్ పాడైతే మార్చుకోవడం ఎలా?

“నాబ్ ఎంత తగ్గించినా సెగ తగ్గడం లేదు, సంగటి అడుగంటిపోతోంది.” “ఎర్ర లైటు వెలుగుతోంది కానీ కాయిల్ వేడెక్కడం లేదు.” “ఆఫ్ చేసినా కాయిల్ ఎర్రగానే ఉంటోంది.” కర్నూలు, అనంతపురం, కడపల నుంచి నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు ఈ మూడే. అడిగేవారిలో అద్దె గదుల్లో సొంతంగా వండుకునే విద్యార్థులు ఉన్నారు, గ్యాస్ అయిపోయిన రోజుకు ఆసరాగా కరెంటు పొయ్యి పెట్టుకున్న ఇళ్లవారూ ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నేను చూసినంతలో స్విచ్ దానంతట అది చెడిపోవడం తక్కువ. దానికి తొడిగిన లగ్గు (తీగ చివర ఉండే లోహపు క్లిప్పు) వదులవుతుంది, అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి స్విచ్ కాలుతుంది. చాలామంది స్విచ్ మాత్రం మార్చి, కాలిన పాత లగ్గునే మళ్లీ తొడుగుతారు. కొత్త స్విచ్ కూడా కొన్నాళ్లకే పోతుంది, “డూప్లికేట్ సరుకు ఇచ్చాడు” అని దుకాణదారు మీద కోపం వస్తుంది. కాబట్టి స్విచ్ మీద ఎంత శ్రద్ధ పెడతారో, దాని వెనక ఉన్న లగ్గుల మీద అంతకంటే ఎక్కువ పెట్టండి.

మీ పొయ్యి ఏ రకం?

ఈ పద్ధతి కాయిల్ పొయ్యిలకు, ఇనుప పలక ఉన్న హాట్ ప్లేట్లకు, చేత్తో తిప్పే నాబ్ ఉన్న గాజు పలక పొయ్యిలకు పనికొస్తుంది. ఇండక్షన్ పొయ్యి, వేలితో తాకితే పనిచేసే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి వేరు. వాటిలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. ఇండక్షన్‌లోని కెపాసిటర్లు ప్లగ్ పీకిన తరువాత కూడా కొంతసేపు షాక్ కొట్టగలవు. వాటిని విప్పకండి.

నాబ్ కింద ఉండే స్విచ్‌లో మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది ఎనర్జీ రెగ్యులేటర్, దీన్నే సిమ్మర్‌స్టాట్ అని కూడా అంటారు. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ, దాన్ని వేడిచేసే చిన్న హీటరు ఉంటాయి. పట్టీ వేడికి వంగి కరెంటును ఆపుతుంది, చల్లారాక మళ్లీ ఇస్తుంది. నాబ్ తగ్గించి పెట్టినప్పుడు ఉండుండి “టిక్” అని వినిపించేది ఇదే. రెండోది మెట్లుమెట్లుగా తిరిగే రోటరీ స్విచ్: ఒకటి, రెండు, మూడు అని ఆగుతూ తిరుగుతుంది. మూడోది చవక హాట్ ప్లేట్లలో పలక అడుగునే బిగించి ఉండే థర్మోస్టాట్, పలక వేడిని బట్టి కరెంటును ఆపి, మళ్లీ ఇచ్చేది. ఒక రకం తీసి మరో రకం పెట్టడం కుదరదు.

స్విచ్చే పాడైందని తేల్చుకోండి

ఇది దాటేసి నేరుగా బజారుకు వెళ్లకండి.

రెండు బర్నర్లూ ఒకేసారి ఆగిపోతే తప్పు స్విచ్‌లో ఉండదు. గోడ సాకెట్టు, ప్లగ్, తీగ చూడండి. ప్లగ్ పిన్ను నల్లబడిందా? సాకెట్టు పక్కన ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగిందా? అక్కడే ఉంది మీ సమస్య.

కాయిల్ వేడెక్కుతోంది కానీ మరీ నెమ్మదిగా అయితే వోల్టేజీ చూడండి. 230 వోల్టులకు తయారైన 2000 వాట్ల కాయిల్, 200 వోల్టులు వస్తున్నప్పుడు దాదాపు 1500 వాట్లే ఇస్తుంది. సాయంత్రాలు మాత్రమే నెమ్మదిస్తోందంటే స్విచ్‌ను నిందించవద్దు. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

పొయ్యి ఒంటిని ముట్టుకుంటే జిల్లుమంటోందా? అయితే ఈ వ్యాసం పక్కన పెట్టి, ప్లగ్ పీకి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కాయిల్ లోపల ఇన్సులేషన్ పోయి ఉండవచ్చు, ఇంటి ఎర్తింగ్ కూడా పనిచేయకపోవచ్చు. మన వైపు ఎండాకాలంలో నేల ఎండిపోయి ఎర్త్ గుంట పని తగ్గిపోతుంది. ఆ గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పోస్తూ ఉండాలి.

ఒక్క బర్నరే వేడెక్కకపోతే మొదటి అనుమానం కాయిల్ మీద, రెండోది లగ్గు మీద, మూడోది స్విచ్ మీద. నాబ్ తగ్గించినా పూర్తి సెగతోనే మండుతుంటే మాత్రం స్విచ్ మీదే అనుమానం: లోపలి చిన్న హీటరు తెగి ఉండాలి, లేదా కాంటాక్టులు (స్విచ్ లోపల కరెంటును కలిపే లోహపు ముక్కలు) అతుక్కుపోయి ఉండాలి. ఆఫ్ చేసినా వేడెక్కుతుంటే కాంటాక్టులు అతుక్కున్నట్టే. ఆ పొయ్యిని ఇక ఒక్క పూట కూడా వాడవద్దు.

కావలసినవి

స్టార్ స్క్రూడ్రైవర్, చదును స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్, ముక్కు సన్నగా ఉండే ప్లయర్, లగ్గులు నొక్కే క్రింపింగ్ ప్లయర్, ఓమ్‌లు చూపించే మామూలు డిజిటల్ మల్టీమీటర్, కరెంటు టెస్టర్. సన్నని ఎమరీ కాగితం, పాత గుడ్డలు, చేతి తొడుగులు, ఫోన్ కెమెరా. కొత్త లగ్గులు నాలుగైదు, వాటి మీద తొడగడానికి ఫైబర్‌గ్లాస్ స్లీవ్ కొద్దిగా. లగ్గులు కొనేటప్పుడు నికెల్ పూత ఉన్న స్టీలువి అడగండి. వేడి ఉన్నచోట మామూలు ఇత్తడి లగ్గు త్వరగా పట్టు వదిలేస్తుంది.

కొత్త స్విచ్‌ను ముందే కొనకండి. పాతది విప్పి, చేత్తో పట్టుకుని దుకాణానికి వెళ్లండి.

పని మొదలు

1. ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, ప్లగ్ బయటికి రావాలి, పని అయ్యేదాకా మీ కంటికి కనిపించేచోట ఉండాలి. కరెంటు పోయింది కదా అని ఆ సమయంలో ప్లగ్ పీకకుండా పని మొదలుపెట్టేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి, కరెంటు ఎప్పుడు వస్తుందో మీ చేతిలో లేదు. బండలో అమర్చిన పొయ్యికి ప్లగ్ లేకపోతే దాని ఎంసీబీ (కరెంటు పెట్టెలో ఉండే మీట) దించి, అటు ఎవరూ రాకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి. తరువాత టెస్టర్‌తో ఫేస్, న్యూట్రల్ రెండు తీగలూ చూడండి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు మరో సాకెట్టులో, చివర మళ్లీ అదే సాకెట్టులో పరీక్షించాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైను పొయ్యికి కలిసి లేదని నిర్ధారించుకోండి.

2. పూర్తిగా చల్లారనివ్వండి. ఇనుప పలక అయితే అరగంటకు పైగా పడుతుంది.

3. నాబ్ ఊడదీయండి. నేరుగా లాగితే రావాలి. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, ఎనామెల్ రేగుతుంది, గాజు అయితే పగులుతుంది. సన్నని గుడ్డ పట్టీని నాబ్ వెనకగా చుట్టి, రెండు కొసలూ పట్టుకుని ముందుకు లాగండి. కొన్ని నాబ్‌లకు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, ముందు అది చూడండి.

4. పొయ్యిని బోర్లించండి. మన వంటిళ్లలో ఎక్కువగా ఉండేది కడప బండ. దాని మీద నేరుగా బోర్లిస్తే గాజు అంచు లేచిపోతుంది. దుప్పటి మడతపెట్టి పరచండి. కాయిల్ ఊడివచ్చే రకమైతే ముందే తీసి పక్కన పెట్టండి. తరువాత అడుగు రేకు స్క్రూలు విప్పండి. రేకు అంచులు చేతులు కోస్తాయి, తొడుగులు వేసుకోండి.

5. ఫోటోలు తీయండి. దేన్నీ కదిలించకముందే, వెలుతురు బాగా ఉన్నచోట, రెండు మూడు వైపుల నుంచి. స్విచ్ మీద ఏ పిన్నుకు ఏ రంగు తీగ వెళ్తోందో స్పష్టంగా పడాలి. తీగలన్నీ ఒకే తెల్లని ఫైబర్‌గ్లాస్ తొడుగులో ఉంటే ఫోటో చాలదు. కాగితపు ముక్కల మీద పిన్ను గుర్తు రాసి తీగలకు కట్టండి. సాధారణంగా సరఫరా వచ్చే పిన్నుల మీద పీ1, పీ2 అనో ఎల్1, ఎల్2 అనో ఉంటుంది. బర్నర్‌కు వెళ్లేవాటి మీద హెచ్1, హెచ్2 అనో, 2, 4 అనో ఉంటుంది. విడిగా ఉండే మరో పిన్ను ఇండికేటర్ లైటుది. ఈ గుర్తులు కంపెనీని బట్టి మారతాయి, పిన్నుల వరుస కూడా మారుతుంది. “పాతదాంట్లో పైన ఉంది, కొత్తదాంట్లోనూ పైనే పెడతాను” అనుకుంటే తప్పుతుంది. చోటు చూడకండి, దాని మీద రాసిన గుర్తు చూడండి.

6. కాయిల్‌ను కొలవండి. కాయిల్ రెండు చివరల్లో ఒకదాని లగ్గు విప్పి, మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల దగ్గర పెట్టి కొలవండి. 1000 వాట్ల కాయిల్‌కు 53 ఓమ్‌లు, 1500 వాట్లకు 35, 2000 వాట్లకు 26 దగ్గరలో రావాలి. మీ కాయిల్‌ది వేరే అంకె అయితే 52,900ను దాని వాట్లతో భాగించండి. పదింట ఒక వంతు అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. మీటరు అసలు ఏమీ చూపించకపోతే (తెర మీద ఎడమ చివర ఒట్టి 1 గానీ, OL గానీ ఉంటే ఏమీ చూపించనట్టే) కాయిల్ తెగింది, మార్చాల్సింది స్విచ్ కాదు. తరువాత మీటరు తీగల చివరి లోహపు పుల్లల్లో ఒకదాన్ని కాయిల్ చివరకు, మరో పుల్లను పొయ్యి రేకుకు పెట్టండి. ఇక్కడ మీటరు ఏమీ చూపించకూడదు. ఏదైనా అంకె వస్తే ఆ కాయిల్ వాడకండి. ఒక పరిమితి గుర్తుంచుకోండి: చిన్న లీకేజీ మామూలు మీటరుకు దొరకదు, దానికి ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కావాలి.

7. స్విచ్‌ను కొలవండి. లగ్గులు లాగేటప్పుడు తీగ పట్టుకుని లాగకండి, ముక్కు ప్లయర్‌తో లగ్గు లోహాన్నే పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ ఊపుతూ తీయండి. స్విచ్ విడిగా వచ్చాక, ఆఫ్‌లో ఉన్నప్పుడు సరఫరా పిన్నుకు, దానికి జతగా ఉన్న బర్నర్ పిన్నుకు మధ్య కలయిక ఉండకూడదు, అంటే మీటరు ఏమీ చూపించకూడదు. ఆన్ చేస్తే ఒక ఓమ్ లోపు రావాలి. ఎనర్జీ రెగ్యులేటర్ చల్లగా ఉన్నప్పుడు సన్నసెగ దగ్గర పెట్టినా కలయిక చూపిస్తుంది, అది లోపం కాదు. ఇలా బాగానే చూపించే స్విచ్ కూడా “ఎప్పుడూ పూర్తి సెగ” అనే జబ్బుతో ఉండవచ్చు, ఎందుకంటే లోపలి చిన్న హీటరు తెగిన సంగతి ఈ కొలతలో బయటపడదు. అక్కడ మీరు ముందు గమనించిన లక్షణమే ప్రమాణం.

8. లగ్గులను పరిశీలించండి. ఇక్కడ తొందరపడవద్దు. నీలంగా, నల్లగా మారిన లగ్గు, చేత్తో తొడిగితే జారిపోయే లగ్గు, చివర తీగ పెళుసుబారి విరుగుతున్న లగ్గు, ఇవన్నీ తీసేయాల్సినవే. తీగను మంచి రాగి మెరుపు కనిపించేదాకా వెనక్కి కత్తిరించండి. ఎనిమిది మిల్లీమీటర్ల మేర తొడుగు ఒలిచి, కొత్త లగ్గులో పెట్టి, క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కండి. లాగి చూడండి, ఊడకూడదు. దాని మీదికి ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడగండి. తీగ పొట్టి అయిపోతే వేడికి తట్టుకునే తీగతోనే పూర్తిగా కొత్త ముక్క వేయాలి. గోడలో వాడే మామూలు పీవీసీ తీగ ఇక్కడ కరిగిపోతుంది. మెలితిప్పి టేపు చుట్టడం అసలే వద్దు. టంకం కూడా వద్దు: మామూలు టంకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది.

ఇప్పుడు బజారుకు

కడప ఏడురోడ్ల కూడలి, అనంతపురం టవర్‌క్లాక్, కర్నూలు పాత బస్టాండు పరిసరాల బజార్లలో స్విచ్ కోసం అడిగేటప్పుడు పాతదాన్ని బల్ల మీద పెట్టి, అయిదు విషయాలు సరిపోల్చండి.

రకం ఒకటే అయి ఉండాలి. వోల్టేజీ 230 లేదా 240 అని రాసి ఉండాలి. విదేశీ వెబ్‌సైట్లలో 120 వోల్టులవి కూడా అమ్ముతారు, అవి మనకు పనికిరావు. ఆంపియర్లు పాతదానితో సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి. 2000 వాట్ల కాయిల్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 6 ఆంపియర్ల రోటరీ స్విచ్ ఇస్తే తీసుకోకండి. అయితే ఎనర్జీ రెగ్యులేటర్లలో కొన్ని బర్నర్ కరెంటుతోనే లోపలి పట్టీని వేడిచేస్తాయి. వాటికి మాత్రం పాత అంకెకు సరిగ్గా సరిపోయేదే కావాలి. నాలుగోది నాబ్ తొడిగే కాడ: దాని పొడవు, మందం, చదును చేసిన వైపు. చదును వైపు తేడాగా ఉంటే స్విచ్ పనిచేస్తుంది కానీ నాబ్ మీద “ఆఫ్” గుర్తు పక్కకు తిరుగుతుంది. ఆఫ్ అనుకుని వదిలేసిన పొయ్యి వేడెక్కుతూనే ఉంటుంది. ఇది చిన్న లోపం అనుకోవద్దు. అయిదోది, బిగించే స్క్రూల మధ్య దూరం.

సరిపోయేది దొరకకపోతే కొందరు స్విచ్ తీసేసి కాయిల్‌ను నేరుగా కలిపి ఇస్తామంటారు. ఒప్పుకోకండి. వేడి తగ్గించే మార్గం పోతుంది, ఆపాలంటే గోడ స్విచ్చే దిక్కవుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టడం అంతకంటే ప్రమాదం, అది తట్టుకునేది కొద్ది వాట్లే. పొయ్యి తయారుచేసిన కంపెనీ సర్వీసు కేంద్రంలో ఆర్డరు పెట్టి, నాలుగు రోజులు ఆగడం మేలు.

బిగింపు

9. కొత్త స్విచ్‌ను కూడా 7లో చెప్పినట్టు కొలిచి, తరువాతే బిగించండి. కాడ వచ్చే రంధ్రం చుట్టూ పాలు, గంజి పొంగిన మరకలు ఉంటే శుభ్రంగా తుడవండి. పాతదానికి రబ్బరు వాషరు ఉంటే దాన్ని తప్పకుండా పెట్టండి, స్విచ్‌లోకి పొంగు దిగకుండా అడ్డుపడేది అదే. స్క్రూలు గట్టిగా ఉంటే చాలు, పలచని రేకు వంగేదాకా బిగించకండి.

10. లగ్గులను ఒక్కొక్కటిగా, ఫోటోలోని పిన్ను గుర్తు చూసుకుంటూ తొడగండి. ప్రతి లగ్గూ బలంగా తోస్తేనే ఎక్కాలి. సులువుగా ఎక్కిందంటే తీసి, ప్లయర్‌తో దాని పెదవులు కొద్దిగా దగ్గరికి నొక్కి మళ్లీ తొడగండి. రేకుకు బిగించిన పసుపు–ఆకుపచ్చ ఎర్త్ తీగను మరచిపోవద్దు. అక్కడ రేకు తుప్పు పట్టి ఉంటే ఎమరీతో గీకి బిగించండి. ఏ తీగా కాయిల్‌కు తగలకుండా సర్దండి.

11. అడుగు రేకు మూసి, నాబ్ పెట్టండి.

కరెంటు ఇవ్వకముందు చేసే పరీక్ష

ఇది నాకు చాలా నమ్మకమైన పరీక్ష. ప్లగ్ చేతిలో పట్టుకుని, దాని పిన్నుల దగ్గరే మల్టీమీటర్‌తో కొలవాలి. నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫేస్, న్యూట్రల్ పిన్నుల మధ్య కాయిల్ ఓమ్‌లు కనిపించకూడదు. మార్చిన బర్నర్ నాబ్ ఆన్ చేస్తే, పైన 6లో కొలిచిన కాయిల్ అంకె రావాలి. సున్నా దగ్గరకు వస్తే ఎక్కడో షార్టు అయింది, సాకెట్టులో పెట్టకండి. ఫేస్ నుంచి ఎర్త్ పిన్నుకు, న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు ఏమీ చూపించకూడదు, నాబ్ ఆన్‌లో ఉన్నా సరే. ఎర్త్ పిన్ను నుంచి పొయ్యి రేకు మీద రంగు లేని చోటికి ఒక ఓమ్ లోపు రావాలి. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా మళ్లీ అడుగు రేకు విప్పండి.

కరెంటు ఇచ్చాక

చెప్పులు వేసుకుని, పొడి చేతులతో, 16 ఆంపియర్ల సాకెట్టులో పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. సాకెట్టుకు ఎదురుగా నిలబడి చూస్తే, పెద్ద ఎర్త్ రంధ్రం పైన ఉన్నప్పుడు ఫేస్ కుడివైపు రావాలి. టెస్టర్ ఎడమవైపు వెలిగితే ఆ సాకెట్టు తీగలు తారుమారై ఉన్నాయి. ఒక తీగను మాత్రమే తెంపే చవక స్విచ్‌లు ఉన్న పొయ్యిని దానిలో పెడితే, ఆఫ్ చేసినా కాయిల్‌లో ఫేస్ ఉంటుంది. ముందు సాకెట్టు సరిచేయించండి.

లీటరు నీళ్లు పెట్టి పూర్తి సెగ మీద ఉంచండి. 1500 వాట్ల కాయిల్ మీద సుమారు అయిదు నుంచి ఏడు నిమిషాల్లో మరగాలి. తరువాత నాబ్‌ను సన్నసెగకు తగ్గించండి. ఎనర్జీ రెగ్యులేటర్ అయితే కొద్దిసేపటికి టిక్‌మని ఆగి, మళ్లీ టిక్‌మని వెలగాలి. చాలా పొయ్యిల్లో ఇండికేటర్ లైటు నాబ్ ఆన్‌లో ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి నిర్ణయించకండి.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే ఇంటి కరెంటు మీటరు దగ్గరికి వెళ్లండి. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి, మీటరు మీద మిణికే ఎర్ర లైటును గమనించండి. యూనిట్‌కు ఎన్ని మిణుకులో మీటరు మీదే రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, 1500 వాట్ల బర్నర్ పూర్తి సెగ మీద నిమిషానికి 80 సార్లు, 2000 వాట్లది 107 సార్లు మిణుకుతుంది. వోల్టేజీ తక్కువైతే ఆ మేరకు తగ్గుతుంది. నాబ్ తగ్గించినప్పుడు మిణుకులు కొంతసేపు వేగంగా సాగి, కొంతసేపు దాదాపు ఆగిపోవాలి. మెట్ల రోటరీ స్విచ్ అయితే ఒక్కో మెట్టుకు వేగం మారుతూ నిలకడగా ఉండాలి. ఎంత తగ్గించినా ఒకే వేగంతో మిణుకుతుంటే బర్నర్ తీగలు తప్పు పిన్నులకు తగిలించారు, లేదా కొత్త స్విచ్చే మంచిది కాదు. నాబ్ ఆఫ్ చేశాక మిణుకులు పూర్తిగా నిలిచిపోవాలి.

పావుగంట మండాక ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, పిన్నులను వేలితో జాగ్రత్తగా తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్టు వదులైంది, దాన్ని మార్చాలి. స్విచ్ వైపు నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే ఒక లగ్గు ఇంకా సరిగ్గా కూర్చోలేదని అర్థం.

ఇక సంగటి గానీ అన్నం గానీ సన్నసెగ మీద ఉమ్మగిలనిచ్చి చూడండి. మొదటి రెండు వారాలు రోజూ వాడాక, ప్లగ్ పీకి అడుగు రేకు ఒక్కసారి విప్పి లగ్గుల రంగు చూడండి. వేసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే మెరుస్తుంటే ఆ స్విచ్ జోలికి ఇక వెళ్లనక్కర్లేదు. ఒక్క లగ్గు మాత్రమే రంగు మారితే, స్విచ్ పాడయ్యేలోపే ఆ లగ్గును కత్తిరించి కొత్తది వేయండి.